ఈశాన్యం దించిన జీపు

మా వీధి మలుపులో కరెంటు స్తంభానికి ఆయన ఫ్లెక్సీ ఇంకా వేలాడుతోంది. పైన కన్నీటి నివాళి అని పెద్ద అక్షరాలు, కింద వరసగా బంధుమిత్రుల ముఖాలు, నడుమ ఆయన. కట్టినవాళ్లు ఎవరోగానీ ఆయన ముఖాన్ని సరిగ్గా దక్షిణానికి తిప్పి కట్టారు. బతికుండగా ఆయన దక్షిణం వైపు తిరిగి ముక్కు కూడా చీదలేదు. పొద్దున పాల ప్యాకెట్ కోసం పోతూ దాన్ని చూసినప్పుడల్లా నాకు ముందు నవ్వొస్తుంది. నాలుగడుగులు వేశాక ఆ నవ్వు ఉండదు.

ఆయన పేరు రాయను. మెదక్‌లో ఆయన గురించి మాట్లాడుకోవడానికి ఎవరికీ పేరు అవసరం రాలేదు. ఉద్యోగం పశువుల దవాఖానలో కాంపౌండరు, పని వాస్తు. రిటైరయ్యాక వాస్తులోకి దిగాడని కొందరు అనుకుంటారు గానీ అది తప్పు. ఉద్యోగంలో ఉన్న రోజుల్లోనే, సూది వేయించడానికి బర్రెను తోలుకొచ్చిన రైతును "కొట్టం ఏ మూలకున్నది?" అని ముందు అడిగేవాడు. సూది సంగతి తర్వాత. బర్రెకు నయమైతే కొట్టం మార్చినందుకు నయమైనట్టు, కాకపోతే మార్చనందుకు కానట్టు. ఎటు చూసినా ఆయన మాటే నిలిచేది.

ఎవరింటికి వచ్చినా గడప దగ్గర ఆగేవాడు. జేబులోంచి దిక్సూచి తీసి అరచేతిలో పెట్టుకుని, ముల్లు నిలబడే దాకా ఊపిరి బిగబట్టేవాడు. ఇంటివాళ్లం కూడా బిగబట్టేవాళ్లం. ఆ తర్వాత గోడ మీద చెయ్యి ఆనించి, తల వంచి, చూలు బర్రె డొక్క చూసినట్టు చూసేవాడు. పెదవి విరిచాడా, ఆ ఇంట్లో ఏదో ఒకటి కూలడం ఖాయం. ఎవరైనా ఎదురు ప్రశ్న వేస్తే జవాబు ఒకటే ఉండేది, "నేను జెప్తున్న గద". ఆ మాట తర్వాత ఇంకో మాట మా వీధిలో నేను వినలేదు.

మా మంగలి షాపులో కుర్చీని తూర్పుకు తిప్పించింది ఆయనే. కుర్చీ తిరిగింది గానీ అద్దం పడమటి గోడకే ఉండిపోయింది. ఆరు నెలలు మా వీధి మగవాళ్లందరం అద్దానికి వీపు పెట్టి క్షవరం చేయించుకున్నాం. లేచి వెనక్కి తిరిగాకే తల మీద ఏం జరిగిందో తెలిసేది. టిఫిన్ సెంటర్‌లో పెనాన్ని ఆగ్నేయం మూలకు జరిపించాడు. అప్పటి నుంచి దోశలు వేసే మనిషి ముఖం ఎట్లా ఉంటుందో మేం మరిచిపోయాం. ఒకసారి ఒకరింట్లో పెద్దాయన పోతే పలకరింపుకు వచ్చాడు. శవం దగ్గర కూర్చుని ఏడుస్తున్న కొడుకు భుజం మీద చెయ్యి వేసి, "నీళ్ల సంపు ఆగ్నేయంల తవ్విచ్చిండు మీ నాయిన. గప్పుడే జెప్పిన, ఇనలే" అన్నాడు. ఆ పిల్లవాడు ఏడుపు ఆపి సంపు వైపు చూశాడు. అంత్యక్రియలు అయిన వారానికి సంపు పూడ్చేశారు.

ఇన్ని చెబుతున్నాను గదా, నేనేమైనా తక్కువ తిన్నానా అంటే, అందరికంటే ఎక్కువే తిన్నాను. మా ఆవిడకు మూడు నెలలు జ్వరం వస్తూ పోతూ ఉంది. ఆయన వచ్చి, గడప మీద ఆగి, దిక్సూచి చూసి, "ఈశాన్యంల గీ మెట్ల బరువు పెట్టుకొని జరం పోవాల్నంటె ఎట్ల పోతది తమ్మీ?" అన్నాడు. నేను నలుగురు కూలీలను పెట్టి, డాబా మీదికి పోయే పక్కా మెట్లు రెండు రోజుల్లో కూలగొట్టించాను. జ్వరం పోయింది. డాక్టరు టైఫాయిడ్ అని కనిపెట్టి మందు మార్చాడు కాబట్టి పోయింది. మెట్లు మాత్రం తిరిగి రాలేదు. మిగతా మూలల్లో కట్టే చోటు లేదు, ఒకవైపు పక్కింటి గోడ, ఇంకోవైపు బాత్రూం. అప్పటి నుంచి మా ఆవిడ తడి బట్టల బకెట్ ఒక చేత్తో పట్టుకుని ఇనుప నిచ్చెన ఎక్కి డాబా మీద ఆరేస్తుంది. ఎక్కేటప్పుడు ఒక్కో మెట్టుకు ఒక్కో మాట, ఎదురింటికి వినిపించేట్టు. ఆ ఎదురిల్లు ఆయనదే.

ఒకసారి ఆయన్ను నిలదీశాను కూడా. "అన్నా, జరం మందుతోని పోయింది, మెట్లు ఊకెనే కూలగొట్టిస్తివి" అన్నాను. "మందు పని జేసింది ఎప్పుడు? మెట్లు తీసినంక. నేను జెప్తున్న గద" అన్నాడు. ఆ రోజు నుంచి నాకు ఒకటే కోరిక. ఈ మనిషి నోటి నుంచి ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, తప్పు నాది అన్న మాట వినాలి. చిన్న కోరికే, కానీ మా ఆవిడ నిచ్చెన ఎక్కిన ప్రతిసారీ అది కాస్త పెరిగేది.

రిటైరయ్యాక ఆయనకు జీపు పిచ్చి పట్టింది. ఫోన్లో వీడియోలు చూసి పట్టింది. ఎత్తు పెంచిన జీపుల్లో కుర్రాళ్లు వాగులు దాటుతుంటారు, గుట్టలెక్కుతుంటారు. నర్సాపూర్‌లో ఒకరి దగ్గర, నాలుగు చక్రాల మీదా చుట్టల స్ప్రింగులున్న పాత జీపు ఒకటి బేరం చేసి తెచ్చాడు. ఆయన దాటాల్సిన వాగు ఎక్కడా లేదు. ఇంటి నుంచి కూరగాయల మార్కెట్‌కు, మార్కెట్ నుంచి ఇంటికి. అయినా దాన్ని ఇంకా లేపాలన్నాడు. ఆన్‌లైన్‌లో చూసి లిఫ్ట్ కిట్ తెప్పించాడు. పెద్ద డబ్బా. అందులో స్ప్రింగుల మీద పెట్టే నాలుగు గట్టి దిమ్మలు, పొడుగు బోల్టులు, కొత్త షాకబ్జార్బర్లు, ఇంగ్లీషులో అచ్చేసిన ఒక కాగితం.

వదినె, అంటే ఆయన భార్య, వాకిట్లో నిలబడి డబ్బాను చూసి, "ఇప్పుడే ఎక్కొస్తలేదు నాకు. ఇంక లేపితె ఎట్ల ఎక్కాలె?" అంది.

డాబా మీద బట్టలు ఆరేస్తున్న మా ఆవిడ అందుకుంది. "మా నిచ్చెన ఉన్నది గదక్కా, పంపిస్త."

ఆయన రెండు మాటలూ విననట్టు దిక్సూచి తీశాడు. జీపును అటూ ఇటూ జరిపి, ముందు భాగం కచ్చితంగా తూర్పుకు వచ్చేదాకా తిప్పి, ఇంజన్ ఆపాడు. అప్పుడు నన్ను పిలిచి అసలు సంగతి చెప్పాడు. నాలుగు మూలలూ ఒకే ఎత్తులో లేపడం వాస్తుకు విరుద్ధమట. తూర్పుకు నిలబడ్డ జీపుకు ముందు ఎడమ చక్రం ఈశాన్యం, కాబట్టి అది తగ్గి ఉండాలి. వెనక కుడి చక్రం నైరుతి, అది అన్నిటికంటే పైన ఉండాలి. రామాయంపేటలో లేత్ మిషన్ దగ్గరికి పోయి ఈశాన్యం దిమ్మను అర అంగుళం కోయించాడు. నైరుతి దిమ్మకు కింద అంగుళం మందం ఇనుప పలక వేయించాడు. లేత్ అతను ఎందుకని అడిగాడో లేదో నాకు తెలియదు. అడిగి ఉంటే ఏ జవాబు వచ్చి ఉంటుందో తెలుసు.

ముహూర్తం పొద్దున తొమ్మిదికి. నిమ్మకాయలు, కొబ్బరికాయ, పసుపు బొట్టు అన్నీ అయ్యాక జాకీ పెట్టాం. జాకీ ఎత్తేది నేను, పానా పట్టేది ఆయన. చక్రం విప్పి, షాకబ్జార్బర్ బోల్టు తీసి, ఇరుసును కిందికి నొక్కి, రెండు కాళ్లూ మడ్‌గార్డుకు తన్ని పెట్టి, దూడను లాగినట్టు స్ప్రింగును రెండు చేతులతో లాగాడు. లాగేటప్పుడు జీపు డొక్క మీద తట్టి "ఆగవే, అయిపోయింది, ఆగు" అనేవాడు. నవ్వాపుకోవడం నా వల్ల కాలేదు. కానీ నిజం చెప్పాలంటే ఆ చేతుల్లో పనితనం ఉంది. అరవై దాటిన మనిషి, ఒక్క బోల్టు పాడు చేయకుండా, ఒక్క వాషరు కింద పోకుండా, మధ్యాహ్నానికి మూడు చక్రాలు పూర్తి చేశాడు.

అప్పుడే యూసుఫ్ భాయ్ అటు వచ్చాడు. రామాయంపేట రోడ్డులో షెడ్డున్న మెకానిక్. నమాజుకు పోతూ మోటారు సైకిల్ ఆపి, దిమ్మలు చూసి, ఒకటి పొట్టి, ఒకటి పొడుగు ఎందుకని అడిగాడు. ఈశాన్యం, నైరుతి కథ అంతా విన్నాడు. కాసేపు గడ్డం నిమురుకున్నాడు.

"సాబ్, ఇల్లంటె కదలది. గాడీ తిరుగుతనే ఉంటది గద. పడమర దిక్కు పోయేటప్పుడు నీ ఈశాన్యం ఏడికి పోతది?"

మా వీధి చరిత్రలో అంత మంచి ప్రశ్న ఎవరూ వేయలేదు. నేను జాకీ కడ్డీ వదిలేసి ఆయన ముఖం చూశాను.

"ఇంట్ల నిలవడ్డప్పుడు తూర్పుకే ఉంటది. రోడ్డు మీదికి పోయినంక అది రోడ్డు వాస్తు, నాది గాదు. నేను జెప్తున్న గద."

యూసుఫ్ భాయ్ బండి స్టార్ట్ చేశాడు. "జర పైలం సాబ్" అని నా వైపు చూసి వెళ్లిపోయాడు.

నాలుగో చక్రం నైరుతిది. దానికి ముందు ఆయన కాగితం నా చేతికిచ్చి చదవమన్నాడు. నాది కరెంటు సామాన్ల దుకాణం, ఫ్యాన్ డబ్బాల మీది ఇంగ్లీషు చదివి చదివి ఆ మాత్రం వస్తుంది. పైన లావు అక్షరాల్లోనే ఉంది, నాలుగు దిమ్మలూ సమానంగా ఉండాలని, వేర్వేరు ఎత్తులు వేయరాదని. అదే చెప్పాను. గట్టిగా చెప్పాను. వాకిట్లో బియ్యం చెరుగుతున్న వదినె కూడా విన్నది.

"అది రాసినోడు ఏ దేశపోడు?" అన్నాడు. "ఆ దేశంల వాస్తు ఉంటదా? ఇంకేమున్నది సదువు."

ఇంకా ఉంది. కింద, సన్న అక్షరాల్లో. ఎత్తు పెంచాక వెనక చక్రాలకు పోయే బ్రేకు పైపు బిగుసుకుంటుంది, సరిపడా వదులు లేకపోతే పొడుగు పైపు మార్చాలి, మార్చకుండా బండి నడపరాదు. ఆ సంగతి కళ్లతోనే చదువుకున్నాను. వంగి కిందికి చూశాను. అప్పటికే పైపు, బట్టలు ఆరేసే తీగలాగా బిగిసి ఉంది. ఇంకా నైరుతి లేవలేదు.

"ఏమున్నది తమ్మీ?"

"ఏం లేదన్నా, గింతే" అన్నాను. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఎందుకు అట్లా చేశానో నాకు బాగా తెలుసు. బ్రేకు మెత్తబడుతుంది, వాకిట్లోనే గేటుకు గుద్దుకుంటాడు, వీధి అంతా నవ్వుతుంది, అప్పుడు ఆ నోటి నుంచి ఆ మాట వస్తుంది అనుకున్నాను. అంతకు మించి అనుకోలేదు. మెకానిక్‌కే అట్లా జవాబిచ్చిన మనిషి నేను చెబితే వినేవాడా అని కూడా అనుకున్నాను. వినేవాడు కాదేమో. కానీ నేను చెప్పాక ఆయన వినకపోవడం వేరు.

ఆ తర్వాత ఎనిమిది రోజులు మా వీధికి పండగే. జీపు ముందు ఎడమ భుజం వంచి, వెనక కుడి పిరుదు ఎత్తి, ఎవరికో నమస్కారం పెడుతున్నట్టు నడిచేది. పక్క సీట్లో వదినె తలుపు మీదికి జారిపోయేది. పైన ఉన్న కడ్డీని ఎడమ చేత్తో పట్టుకుని వేలాడుతూ, "గిది జీపా, జారుడు బండనా?" అనేది. మార్కెట్ దగ్గర దాన్ని తూర్పుకు నిలపడానికి ఆయన ముందుకీ వెనక్కీ పదిసార్లు నడిపేవాడు. చివరికి రోడ్డుకు అడ్డంగా నిలిచేది. వెనక బస్సు హారన్ కొడితే కిటికీలోంచి తల బయటపెట్టి, "మీ బస్సు మూలలు జూస్కోండ్రి ముందుగాల" అనేవాడు. నేను దుకాణంలో గిరాకీకి ఆ నడక చేసి చూపించేవాణ్ని. అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే.

తొమ్మిదో రోజు ఆదివారం. రేగోడ్‌లో చుట్టాల ఇంట్లో పుట్టు వెంట్రుకల ఫంక్షన్‌కు ఇద్దరూ బయల్దేరారు. వదినె పట్టుచీర కట్టుకుని, మా ఆవిడ ఇచ్చిన పీట మీద నిలబడి ఎక్కింది. జీపు మలుపు తిరిగే దాకా నేను గేటు దగ్గరే నిలబడ్డాను. ఆపడానికి అది చాలినంత సమయం.

రేగోడ్ ఇంకా నాలుగు కిలోమీటర్లు ఉందనగా వెనక కుడి చక్రం గుంతలో దిగింది. పైపు తెగింది. ముందు ఒక ట్రాక్టరు, దాని నిండా మనుషులు. బ్రేకు మీద కాలు వేస్తే కాలు అడుగు దాకా పోయింది. ఆయన స్టీరింగ్ పక్కకు తిప్పి జీపును వరి మడిలోకి దించేశాడు. బురదలో ఈశాన్యం మొత్తం కూరుకుపోయి బండి ఆగింది. ట్రాక్టరులో ఎవరికీ ఏమీ కాలేదు, ఆయనకూ ఏమీ కాలేదు. కడ్డీ పట్టుకుని వేలాడుతున్న వదినె ఎడమ మణికట్టు రెండు చోట్ల విరిగింది.

నేను దవాఖానకు పోయేసరికి ఆయన బయట బెంచీ మీద ఉన్నాడు. మోకాళ్ల దాకా బురద ఎండిపోయింది. నన్ను చూసి లేచాడు. ఆయన నన్ను చూసి లేవడం అదే మొదటిసారి.

"తప్పైంది తమ్మీ" అన్నాడు. "నాలుగు సమానం ఉండాల్నని నువ్వు సదివి జెప్పినవ్. నేనే ఇనలే. మొత్తం తప్పు నాదే. నువ్వు ఒక్కనివే జెప్పినవ్."

నేను ఏళ్ల తరబడి ఎదురుచూసిన మాట అది. ఇప్పుడు చెబుదాం, ఇప్పుడే చెబుదాం అనుకున్నాను. "పోనీ అన్నా, అయ్యింది గదా" అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు, నర్సు పిలిచేదాకా వదల్లేదు.

జీపును షెడ్డుకు తెచ్చుకుని యూసుఫ్ భాయ్ చూశాడు. "ఆ పలక ఎయ్యకున్నా పైపు కురచనే అయ్యేది. కిట్ కాయితంల రాసుంటది గిది, ఎవలు జూడలేనా?" అన్నాడు. ఆయన తల దించుకుని, "నాకు ఇంగ్లీషు యాడొస్తది భాయ్" అన్నాడు. నా వైపు కన్నెత్తి చూడలేదు. అనుమానం లేదు కాబట్టే చూడలేదు. నేను షెడ్డు గోడ మీది బోర్డు చదువుతూ నిలబడ్డాను.

ఆ తర్వాత ఆయన దిక్సూచి తీయలేదు. బోరు ఎక్కడ వేయాలని అడగడానికి వచ్చినవాళ్లతో "నాకు తెల్వదు, ఎక్కడ నీళ్లు పడ్తయో గక్కన్నే" అనేవాడు. వాళ్లు చిన్నబుచ్చుకుని పోయేవారు. కూలగొట్టమని ఎవరూ చెప్పకపోతే జనానికి తోచదని అప్పుడు తెలిసింది. మంగలి తన కుర్చీని తనే తిప్పేసుకున్నాడు. ఒకరోజు ఆయన మా ఇంటికి వచ్చి, గడప దగ్గర ఆగకుండా నేరుగా లోపలికొచ్చి, నిచ్చెన వైపు చూసి, "చెల్లె బకెట్ వట్టుకొని ఎక్కుతుంటె నాకు జూడ బుద్ధైతలేదు. మెట్లు ఎక్కడుండెనో గక్కన్నే కట్టు" అన్నాడు. కట్టాం. మేస్త్రీ పని చేసిన అన్ని రోజులూ ఆయనే దగ్గరుండి ఇటుకలకు నీళ్లు కొట్టాడు. వద్దన్నా వినలేదు. మా ఆవిడ గెలిచినట్టు ముఖం పెట్టింది. రెండో రోజుకు ఆమె కూడా ఊరుకుంది. నేను మాత్రం ఆయన పాత గొంతుతో, పాత పొగరుతో ఒక్కసారి "నేను జెప్తున్న గద" అంటే బాగుండునని కోరుకున్నాను. అనలేదు. రెండేళ్లకు, కిందటి నెలలో, పొద్దున చాయ్ తాగుతూ గుండె ఆగి పోయాడు.

మొన్న వదినె ఫ్యాన్ తిరగడం లేదని పిలిస్తే వెళ్లాను. చాయ్ ఇచ్చింది. ఆ ఎడమ చెయ్యి ఇప్పటికీ పూర్తిగా తిరగదు, కప్పు కుడి చేత్తోనే అందించింది.

"ఆ జీపు నువ్వే అమ్మిపెట్టు మరిది" అంది. "ఆయన అంటుండె, జిందగీల ఒక్కని ముందటనే తప్పు ఒప్పుకున్న, వాడు ఒప్పుకోవాల్సిన మనిషే అని. నువ్వంటె గంత నమ్మకం ఆయనకు."

"వదినె" అన్నాను. ఆమె నా ముఖంలోకి చూసింది. "ఫ్యాన్ మంచిగనే ఉన్నది, కండెన్సర్ ఒక్కటి మార్చాలె" అన్నాను. మార్చి వచ్చేశాను.

ఎదురుగా నిలబడి చెప్పడం నా వల్ల కాదని ఆ రోజు తేలిపోయింది. వదినె తెలుగులో చదువుకున్న మనిషి. మా వీధిలో పేపరును మొదటి పేజీ నుంచి చివరి ప్రకటన దాకా చదివేది ఆమె ఒక్కతే, ఆదివారం సంచిక అయితే రెండుసార్లు చదువుతుంది. ఇది ఆదివారం సంచికకే పంపుతున్నాను.